పిన్ని గేదె తరఫున ఢిల్లీలో మాట్లాడేదెవరు?

విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఉండే మా పిన్నికి రెండు పాడిగేదెలు, ఒక పడ్డ, వట్టిపోయిన ముసలి గేదె ఒకటి ఉన్నాయి. పొద్దున్న ఐదున్నరకల్లా క్యాను పట్టుకుని పాలకేంద్రం దగ్గర ఉంటుంది. అక్కడి కుర్రాడు గరిటెడు పాలు తీసి మిషన్‌లో పెడితే వెన్న శాతం అంకె పడుతుంది. 2025 అక్టోబరులో నేను వెళ్లిన రోజున 6.2 పడింది. ముందురోజు 6.8. గేదె అదే, గడ్డి అదే, పితికిన చెయ్యీ అదే.

"రేత్తిరికి రేత్తిరి ఎన్న ఎక్కడికి పోనాది బాబూ?" అంది పిన్ని.

"మిసను సూపించిందే రాసేను అత్తా" అన్నాడు వాడు, తలెత్తకుండా.

ఆ వారమే టెక్సస్‌లో ఉండే మా బావ ఫోనుకి ఒక వీడియో పంపాడు. పెద్ద టోపీ పెట్టుకున్న పశువుల ఆసామి ఒకాయన టీవీలో కూర్చుని, అర్జెంటీనా నుంచి గొడ్డుమాంసం ఎక్కువగా తెప్పిస్తామన్న తమ అధ్యక్షుడి ప్రకటనని దులిపేస్తున్నాడు. ఆయనలాంటి ఆసాముల్లో ఎక్కువమంది ఆ అధ్యక్షుడికే ఓట్లు వేశారు. అయినా మొహమాటం లేదు. పిన్నికి చూపించి, ఎవరేమిటో చెప్పాను. చివరిదాకా చూసి ఆవిడ అడిగిందొకటే. "ఆళ్ల ఆవులకైతే ఆ టోపీ ఆయనున్నాడు. మన గేదెలకి ఎవులున్నారు?"

సమాధానం తిన్నగా లేదు. చాలామందే ఉన్నారని చెప్పవచ్చు, ఎవరూ లేరనీ చెప్పవచ్చు. రెండూ నిజమే. ఆ చిక్కుముడిని విప్పడానికి ముందు టోపీ ఆయన సంగతి చూడాలి.

టోపీ వెనకాల ఒక డాలరు

అమెరికాలో రాంచర్, అంటే ఆ టోపీ ఆయనలాంటి పశువుల ఆసామి, ఆవుల్ని పెంచేది మాంసం కోసం. మన దగ్గర పాడి ముఖ్యం. ఆ తేడా పెద్దదే. అయితే అక్కడ అందరూ వేల పశువుల జమీందారులు కారు. సగటు ఆసామి దగ్గర ఈనే ఆవులు నలభై, యాభై మధ్య ఉంటాయి. చాలామంది ఇంకో ఉద్యోగం కూడా చేసుకుంటారు. అలాంటివాడు వాషింగ్టన్ దాకా ఎలా వెళ్లగలిగాడంటే, వెనకాల మెట్లున్నాయి. కౌంటీ సంఘం, దానిమీద రాష్ట్ర సంఘం, ఆపైన జాతీయ సంఘం. నేషనల్ క్యాటిల్‌మెన్స్ బీఫ్ అసోసియేషన్ అనే ఆ జాతీయ సంఘానికి 1898 నాటి మూలాలున్నాయి. ఇప్పటి రూపం 1996లో వచ్చింది. అధ్యక్షుడుగా పశువులు పెంచేవాడే ఏడాదికొకరు చొప్పున వస్తారు. కార్యాలయం కొలరాడోలో ఉన్నా, వాషింగ్టన్‌లో జీతాలిచ్చి పెట్టుకున్న బృందం ఉంటుంది. టీవీలో కనబడేది టోపీ. లోపల మసోదాల్ని అక్షరం అక్షరం చదివేది ఆ బృందం.

దీని పక్కనే ఇంకో ఏర్పాటుంది. 1985లో వాళ్ల పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం పశువు చేతులు మారిన ప్రతిసారీ తలకి ఒక డాలరు కట్టాలి. 1986లో వసూలు మొదలైంది. 1988లో పెంపకందార్లనే ఓటు అడిగితే నూటికి దాదాపు 79 మంది సరేనన్నారు. వసూలైన డబ్బులో సగం రాష్ట్రంలో ఉంటుంది, సగం జాతీయ మండలికి పోతుంది. ప్రచారానికీ పరిశోధనకీ ఖర్చు పెట్టవచ్చు గానీ, ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడానికి ఒక్క సెంటు వాడకూడదని చట్టంలోనే రాశారు.

తగాదా ఇక్కడే మొదలైంది. ఆ ప్రచారం కాంట్రాక్టుల్లో సింహభాగం దక్కేది పైన చెప్పిన జాతీయ సంఘానికే. సంఘం రాజకీయ ఖాతా వేరు, డాలరు ఖాతా వేరు. అయితే జేబులు రెండైనా చొక్కా ఒకటే కదా అన్నది ఎదుటివాళ్ల గోల. మా చేత బలవంతంగా డబ్బు కట్టించి మేం ఒప్పుకోని ప్రకటనలు వేస్తున్నారని కొందరు ఆసాములు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ ప్రచారం ప్రభుత్వం సొంత మాట కిందికే వస్తుంది కాబట్టి బలవంతపు వసూలు చెల్లుతుందని 2005లో కోర్టు తేల్చింది.

అంతకన్నా లోతైన తగాదా ఇంకొకటుంది. బలిసిన పశువుల్ని కొని కోసి అమ్మే వ్యాపారంలో దాదాపు 85 శాతం నాలుగే కంపెనీల చేతిలో ఉంది. పెంచేవాళ్లు లక్షల మంది, కొనేవాళ్లు నలుగురు. పశువు మాంసం ఏ దేశానిదో చీటీ మీద కచ్చితంగా రాయాలని 2002లో చట్టం వచ్చింది. రాస్తే మా ఆవుకి విలువ పెరుగుతుందన్నారు చిన్న ఆసాములు. కెనడా, మెక్సికోల నుంచి పశువుల్ని తెచ్చి కలిపి కోసే కంపెనీలకి అది నచ్చలేదు. మరి ఆసాముల జాతీయ సంఘం ఎటు నిలబడింది? తప్పనిసరి చీటీ వద్దంది. దాంతో మొంటానా రాష్ట్రం కేంద్రంగా ఆర్-కాఫ్ అనే వేరు కుంపటి గట్టిగా రాజుకుంది. చీటీ కావాలని పోరాడింది వీళ్లే. చివరికి కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థలో గెలిచాయి. ఏడాదికి వంద కోట్ల డాలర్ల పైచిలుకు ప్రతీకార సుంకాలకి అనుమతి తెచ్చుకున్నాయి. 2015 డిసెంబరులో అమెరికా ఆ చీటీని తీసేసింది. ఆ సరుకు అమెరికాదేనని ఇష్టమైతేనే రాసుకునే చీటీకి 2024లో కొత్త నియమం చేశారు. రాస్తే మాత్రం పశువు పుట్టడం దగ్గర నుంచి కోత దాకా అక్కడే జరిగి ఉండాలి.

ఈ కథంతా ఎందుకంటే, టోపీ పెట్టుకున్నవాడు మాట్లాడినంత మాత్రాన అది పెంచేవాడి మాట అయిపోదు. కొనేవాడి ప్రయోజనం కూడా ఆ గొంతులోంచే పలకగలదు. అర్జెంటీనా విషయంలో మాత్రం పెద్ద సంఘమూ, వేరు కుంపటీ ఒకే మాట మీద నిలిచాయి. 2025 జనవరి లెక్కల్లో అమెరికా పశువుల మంద 8.67 కోట్లకి పడిపోయింది. అప్పటికి 1951 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. కరువులకి మంద కరిగిపోయాక ఇన్నేళ్లకి మంచి ధర చూస్తున్నాం, ఇప్పుడు బయటి సరుకా అన్నది వాళ్ల బాధ.

ఏ పలుపు ఎవరి చేతిలో

ఇక మన గేదె. దాని మెడకి ఒకటే పలుపనుకుంటాం గానీ నాలుగున్నాయి, ఒక్కోటి ఒక్కొక్కరి చేతిలో ఉంది.

రాజ్యాంగం ప్రకారం పశుసంపద సంరక్షణ, అభివృద్ధి, పశువైద్యం రాష్ట్రాల జాబితాలో 15వ అంశం. అంటే మన ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడా లేడా అన్నది అమరావతి సంగతి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగం పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉంది. అందుకే గాలికుంటుకీ బ్రూసెల్లాకీ టీకాలు వేసే 13,343 కోట్ల రూపాయల కార్యక్రమాన్ని 2019లో కేంద్రమే మొదలుపెట్టింది. విదేశీ వ్యాపారం పూర్తిగా కేంద్రం చేతిలో ఉంది. పాలపొడి ఓడ దిగాలా వద్దా అన్నది ఢిల్లీలో వాణిజ్య శాఖ చూసుకుంటుంది. జంతుహింస నివారణ మళ్లీ ఉమ్మడి జాబితా. ఆఖరున చెప్పిన ఈ పలుపు అన్నిటికన్నా సన్నగా కనిపిస్తుంది, అన్నిటికన్నా గట్టిగా బిగుసుకుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

పశువులకంటూ కేంద్రంలో విడిగా మంత్రిత్వ శాఖ ఏర్పడింది 2019లోనే, అదీ చేపలతో కలిపి. అంతకుముందు వ్యవసాయ శాఖలో ఒక విభాగం. పాల విలువ వరి, గోధుమ రెండూ కలిపినదానికన్నా ఎక్కువని ప్రభుత్వమే చెబుతుంది. ఎనిమిది కోట్ల మందికి పైగా రైతులకి అదే ఆధారమనీ అంటుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటలు 22. అనకాపల్లి చెరకు రైతుకి ఎఫ్ఆర్‌పీ అనే కనీస ధర ఉంది. పాలకి ఏదీ లేదు. ఉండాలని నేను గట్టిగా వాదించను కూడా. ఇవాళ పితికింది రేపటికి విరిగిపోయే సరుకుని సర్కారు కొని ఏ గోదాములో పెడుతుంది? కానీ ఆ కష్టాన్ని అడ్డుపెట్టుకుని, ధర కట్టే పద్ధతి మీద మాట్లాడటమే మానేశాం.

పద్ధతి ఇది. కిలో వెన్నకి 800 రూపాయలు రేటు అనుకుందాం. వెన్న 6.8 పడితే కిలో పాలకి 54 రూపాయల 40 పైసలు. 6.2 పడితే 49 రూపాయల 60 పైసలు. పూటకి నాలుగు కిలోలు పోస్తే ఆ ఒక్క పూట తేడా 19 రూపాయలు దాటింది. వెన్న తీసేశాక మిగిలే ఘనపదార్థం తగ్గితే ఇంకో కోత. మిషన్‌ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో పిన్ని అడగదు, అడగొచ్చని ఆవిడకి తెలియదు. ఆవిడ పోసేది ఏ డెయిరీకన్నది ఇక్కడ అనవసరం, ఊళ్లో ఉన్న రెండిట్లోనూ ఇదే తంతు.

న్యూజిలాండ్ పొడి, పిన్ని పాలు

ధరని నిజంగా కదిపేది మాత్రం ఊళ్లో లేదు. చలికాలం గేదెలు బాగా ఇస్తాయి. అమ్ముడుపోగా మిగిలిన పాలని డెయిరీలు వెన్నగా, పొడిగా మార్చి దాస్తాయి. వంద కిలోల పాలకి ఎనిమిదిన్నర, తొమ్మిది కిలోల పొడి వస్తుంది. దాని ధర పడిపోయిందంటే, రేపు పొద్దున్న పాలకేంద్రంలో రేటు పడిపోతుంది. 2018లో దేశమంతా పొడి గుట్టలు పడితే, మహారాష్ట్ర రైతులు ఆ జులైలో పాలు రోడ్డు మీద పారబోశారు. మన గేదె గుండె చప్పుడు పొడి బస్తాలో వినిపిస్తుందంటే అతిశయోక్తి కాదు.

ఉరుగ్వే రౌండు అనే ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లో భారత్ పాలపొడి సుంకాన్ని సున్నా దగ్గర కట్టేసుకుంది. తర్వాత తప్పు తెలిసొచ్చి మళ్లీ బేరమాడుకుని, పదివేల టన్నుల దాకా 15 శాతం, ఆపైన 60 శాతం అనే గోడ కట్టుకుంది. ఆ గోడని కూల్చే ప్రయత్నం ఆసియా-పసిఫిక్ దేశాల ఉమ్మడి వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్‌తో వచ్చింది. పండిన పాలలో అధికభాగాన్ని ఎగుమతి చేసే న్యూజిలాండ్ అందులో ఉంది. అమూల్ అధినేతగా ఉన్న ఆర్.ఎస్. సోధీ బాహాటంగా వ్యతిరేకించారు, రైతు సంఘాలూ రోడ్డెక్కాయి. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ బయటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆస్ట్రేలియాతో అయినా, 2025 జులైలో బ్రిటన్‌తో అయినా ఒప్పందాల్లో పాల వస్తువుల్ని బయటే ఉంచుతున్నారు. 2025 ఆగస్టు 7న అమెరికా సుంకాల వేడిలో, పాడిరైతుల విషయంలో రాజీ పడబోమని ప్రధాని స్వయంగా అన్నారు.

అమెరికాతో పేచీ ఇంకా వింతగా ఉంటుంది. రక్తం, మాంసపు పిండి వంటివి కలిపిన దాణా తిన్న పశువుల పాలు మాకొద్దని, తినలేదని సర్టిఫికెట్ ఇవ్వాలని భారత్ షరతు. అక్కడి పాల ఉత్పత్తిదార్లు, ఎగుమతిదార్లు దీన్ని పట్టుకుని తమ ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. వైద్య పరికరాల కంపెనీలూ తోడయ్యాయి. ఫలితంగా 2019 జూన్ 5న అమెరికా మన సరుకుకి సుంకం మినహాయింపునిచ్చే జీఎస్పీ అనే ఏర్పాటు పోయింది. దాదాపు 560 కోట్ల డాలర్ల ఎగుమతుల మీద దెబ్బ. పాలతో సంబంధం లేని తోలు సంచులవాడు, ఇంజినీరింగు సామాన్లవాడు కూడా అందులో ఉన్నారు. అమెరికా పాడి సంఘాల చెయ్యి ఎంత పొడవో కొలవాలంటే ఇదొక్కటి చాలు. ఈ సంగతి చెబితే పిన్ని నోటిమీద చెయ్యేసుకుంది. "ఆవుకి నెత్తురెడతారా? సీ!" అని, సుంకాల గురించి నేను చెప్పిందేదీ వినలేదు.

మన పాడిరైతుకి ఢిల్లీలో గొంతు లేదని ఎవరైనా అంటే ఈ గోడని చూపిస్తారు, న్యాయమే. కానీ గోడ ఎందుకు నిలిచింది? విదేశీ పొడి వస్తే పిన్నికెంత నష్టమో, ఆవిడ దగ్గర పాలు కొనే డెయిరీకీ అంతే నష్టం. ఇద్దరి అవసరం ఒకటైంది, పెద్దవాడు మాట్లాడాడు. 2023 జులై 28న నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించినప్పుడూ అదే జరిగింది. దాణా ఖరీదు పెరిగి నగరాల్లో పాల ధర మండుతోంది. తవుడు మిల్లులవాళ్లు గగ్గోలు పెట్టినా నిషేధం రెండేళ్లకి పైగా సాగింది. ఆవిడ అవసరం తనకన్నా బలమైన ఇంకొకరి అవసరంతో కలిసిన చోట ఢిల్లీ వింటుంది. కలవని చోట? అదే వట్టిపోయిన గేదె కథ.

ముసలిదాన్ని ఏం చెయ్యాలి

పిన్ని సాలలో నాలుగో గేదె ఉందని మొదట్లోనే చెప్పాను. ఇక చూడి కట్టదు. రోజూ దానికీ ఎండుగడ్డి వెయ్యాలి, కుడితి పెట్టాలి. పాడి అనే వ్యాపారం అసలు కీలకం ఇక్కడుంది. వట్టిపోయినదాన్ని అమ్మిన డబ్బుకి మరికొంత అప్పు చేర్చి కొత్త చూడిగేదెని తెచ్చుకుంటారు. పాత గేదెకి ధర లేకపోతే కొత్త గేదె రాదు. ఇది మాంసం తినాలా వద్దా అన్న చర్చ కాదు, చిట్టా పుస్తకంలో లెక్క.

2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ పశువుల సంతల మీద నియమాలు తెచ్చింది. పశుసంవర్ధక విభాగం కాదు, పర్యావరణ శాఖ. ఎందుకంటే అది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద చేసిన పని. ముందు చెప్పిన సన్నని పలుపు ఇదే. సంతలో అమ్మే పశువుని కోతకి అమ్మటం లేదని రాసివ్వాలి. ఆవులే కాదు, గేదెలు, దున్నలు, ఆఖరికి ఒంటెలు కూడా అందులోకి వచ్చాయి. అలమండ సంతలో ఒంటెని నేనెప్పుడూ చూడలేదు. కోటబొమ్మాళి దగ్గర నారాయణవలస సంతకి వెళ్లే దళారులకి మాత్రం విషయం వెంటనే అర్థమైంది, కొనడం తగ్గించారు. మద్రాసు హైకోర్టు మదురై బెంచి స్టే ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది, మరుసటేడు ఆ షరతు లేకుండా కొత్త నియమాల ముసాయిదా వచ్చింది. కోర్టుకి వెళ్లిన వాళ్లలో మాంసం వ్యాపారులున్నారు, ఆహార స్వేచ్ఛ అన్నవాళ్లున్నారు. మరోవైపు గోరక్షణ అన్నవాళ్లున్నారు. ఏటా 300 కోట్ల డాలర్లు దాటే గేదెమాంసం ఎగుమతి పరిశ్రమ ఉంది. ముసలి గేదెని అమ్ముకోవాల్సిన మనిషి తరఫున, ఆ మనిషిగానే మాట్లాడినవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కోవాలి. అక్కడ డెయిరీలు నోరు విప్పవు. వాటికి కావలసింది పాలు, వట్టిపోయినది వాటి లెక్కలో లేదు. పైగా మతం ముడిపడిన మాట, ఎవరు మాత్రం తలదూరుస్తారు?

ఆవులు పెంచేవాళ్ల బాధ ఇంకో మెట్టు ఎక్కువ. మగదూడ పుడితే ట్రాక్టరు వచ్చాక దానికి పని లేదు. మన ప్రాంతంలో కోడెదూడని సింహాద్రి అప్పన్నకి సమర్పించే ఆచారం ఎప్పటిదో. మొక్కు మొక్కే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ సేద్యంలో చోటు పోయిన దూడకి దేవుడి ముంగిలి చివరి చిరునామా అవుతోందని ఇక్కడ అందరికీ తెలుసు. ఆడదూడలే పుట్టే అవకాశాన్ని 90 శాతం దాకా పెంచే వీర్యాన్ని రాయితీ మీద ఇవ్వడం ఈమధ్య కాలంలో పాడిరైతుకి నేరుగా పనికొచ్చిన కొద్ది ప్రభుత్వ పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

మేత భూమి గతీ అంతే. అమెరికా ప్రభుత్వ భూముల్లో ఆవునీ దూడనీ నెలపాటు మేపుకోవడానికి 2025లో కట్టాల్సింది 1.35 డాలర్లు. అంత చౌకా అని అక్కడ పర్యావరణవాదులు తిడతారు, అయినా దశాబ్దాలుగా ఆసాములు ఆ ధరని కాపాడుకుంటున్నారు. ఆనందపురం నుంచి భీమిలి దాకా ఒకప్పటి మేత పోరంబోకులు ఎక్కడున్నాయో లేఅవుట్ల సరిహద్దు రాళ్లని అడగాలి.

పైసా లెక్క

రొయ్యల సంగతి చూడండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరగానే విశాఖ నుంచి ఢిల్లీ దాకా వారంలో కదలిక వచ్చింది. రొయ్యకి ఎగుమతిదార్ల సంఘం ఉంది, 1972 నుంచి ఎంపెడా అనే ప్రభుత్వ సంస్థ ఉంది, విదేశీ మారకం ఉంది. పాలని మనమే పుట్టించి మనమే తాగేస్తాం. 2023-24లో 23.9 కోట్ల టన్నులు. ప్రపంచంలో మొదటి స్థానం. అంతా ఇంట్లోనే ఖర్చయ్యే సరుకు కాబట్టి దాని లోటు బయటికి కనపడదు.

సహకార సంఘాలే మన రైతు గొంతు కదా అంటారు. గుజరాత్‌లో అమూల్‌తో మొదలైన ఆనంద్ పద్ధతి ఉద్దేశం అదే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే దేశవ్యాప్త పాల పథకం ఐరోపా నుంచి ఉచితంగా వచ్చిన పాలపొడి మీదే నడిచింది. ఇందాక విషమని చెప్పిన పొడే అప్పుడు మందైంది. అది ఎంత వదలాలి, ఎంతకి అమ్మాలి అన్నది రైతుల పక్షాన ఉన్న సంస్థ చేతిలో ఉండటమే కారణం. మన రాష్ట్రంలో తర్వాత కొన్ని పాత సంఘాలు రైతులే వాటాదార్లుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీలయ్యాయి. సభ్యుడికి ఎన్ని షేర్లున్నా ఒకటే ఓటు, చట్టం మంచిదే. సర్వసభ్య సమావేశం ఎప్పుడో తెలిసిన పాడిరైతుల్ని మీ ఊళ్లో లెక్కపెట్టి చూడండి.

అందుకే పిన్నికి ఒక ఊహ చెప్పాను. అమెరికా డాలరులాగా లీటరుకి ఒక్క పైసా పక్కన పెట్టారనుకో. రోజుకి లక్ష లీటర్లు సేకరించే చోట రోజుకి వెయ్యి రూపాయలు, ఏడాదికి మూడు లక్షల అరవై ఐదు వేలు. అలాంటివి ఇరవై చోట్ల చేరితే 73 లక్షలు. వెన్న మిషన్ల మీద తనిఖీకి ఒక మనిషిని, చట్టాలు చదివే ఒక లాయర్ని, ఢిల్లీలో ఒక చిన్న గదిని పెట్టుకోవచ్చు. వట్టిపోయిన గేదె గురించి వాళ్లు మాట్లాడతారు.

పిన్ని ముసలి గేదె ముందు గడ్డి విదిలిస్తూ విని, "పైసాకేటి, ఇత్తాను" అంది. మళ్లీ కాసేపటికి తనే అడిగింది.

"ఆ పైసాలన్నీ ఎవులి కాడుంటాయి? ఆ డెయిరీవోల కాడేనా?"